చంద్రగిరికి ఒక సాయంత్రం ఉంచుకోండి

మాది చిత్తూరు. తిరుపతికి బస్సులో పోయినప్పుడల్లా చంద్రగిరి రాగానే అమ్మ కిటికీలోంచి చెయ్యి చూపించి "అదిగో రాయల కోట" అనేది. ఇన్నేళ్లలో ఒక్కసారీ దిగి చూడలేదు. మొన్న సంక్రాంతి సెలవులకు చెన్నై నుంచి మా మేనమామ వాళ్లు దర్శనానికి వస్తే, ఆ పేరుతో ఎట్టకేలకు కుదిరింది.

అదీ రెండో రోజుకు. తిరుమల నుంచి శుక్రవారం దిగి, ఆటో మాట్లాడుకుని నేరుగా కోటకు పోతే మ్యూజియం మూసి ఉంది. శుక్రవారం సెలవట. తిరుపతిలో ఇంకో రాత్రి ఉండాల్సి వచ్చింది. అంతకుముందు దిగిన లాడ్జి పేరు చెప్పను కానీ చాలా బాధపెట్టింది. ఫోన్లో ఇరవై నాలుగు గంటలకు రూమ్ అన్నారు. కౌంటర్లో మాత్రం మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయాలన్నారు. గీజర్ పనిచేయలేదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ చన్నీళ్లే పోసుకుంది. రెండో రాత్రి బస్టాండుకు ఎదురుగా ఉన్న టీటీడీ శ్రీనివాసంలో గది దొరికింది. హంగులేమీ లేవు. శుభ్రంగా ఉంది, బస్సుకు రోడ్డు దాటితే చాలు. మీరూ ముందు టీటీడీ గదులకే ప్రయత్నించండి. చంద్రగిరికి బస తిరుపతిలోనే మేలు. పీలేరు, మదనపల్లె బస్సులు అటే పోతాయి, అరగంట ప్రయాణం.

శనివారం మూడింటికి లోపలికి వెళ్లాం. బోడి కొండ, దాని కింద పచ్చిక, మధ్యలో రాజమహల్. మూడంతస్తుల ఈ భవనాన్ని కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. కింద కమానులు మసీదుల్లో కనిపించే తీరులో ఉంటే, పైన శిఖరాలు మన గుళ్లవిలా ఉన్నాయి. బయట ఎండ మండుతున్నా లోపలి గోడ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

మ్యూజియంలో కంచు విగ్రహాల ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. తిరుమల గుళ్లో క్యూ తోసేస్తుంటే ఏ విగ్రహాన్నీ నిదానంగా చూడలేం. ఇక్కడ వేలి గోరు దాకా చూసుకోవచ్చు.

సాళువ నరసింహరాయలు ఈ సీమను ఏలుతూనే ఎదిగి 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపి పాడుబడింది. రాజధాని పెనుగొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి మారింది. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో చోటిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ రాయలకు సామంతుడే. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయింది. ఈ సంగతి చెప్పగానే మామ మెట్ల మీద కూర్చుండిపోయాడు. "అక్కా, ముప్పై ఏళ్లుగా ఉంటున్నా, మా ఊరి పేరు వెనక మన తెలుగాయన ఉన్నాడని నాకు తెలీదే" అన్నాడు.

అంత చరిత్ర ఉన్న చోట ఆ కథను పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పే మనిషి మాకు దొరకలేదు. కోట గోడల మీద పేర్లు చెక్కినవాళ్లు మాత్రం చాలామందే. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

రాణిమహల్ పక్కనే, రెండంతస్తులు. పది నిమిషాలు చాలు. పెద్దవాళ్లుంటే నీళ్ల సీసాలు, గొడుగు మర్చిపోవద్దు. నడక ఎక్కువ, నీడ తక్కువ.

దగ్గర్లోని శ్రీనివాసమంగాపురం గుడి కూడా అదే రోజు పెట్టుకోవచ్చు, కానీ పొద్దున పూట పెట్టుకోండి. మధ్యాహ్నం కోటకు వస్తే హడావుడి ఉండదు. తిరుగు దారిలో ఒక చిన్న హోటల్లో రాగి సంగటి, పల్లీల చట్నీ తిన్నాం. మామ రెండో ముద్ద అడిగి వేయించుకున్నాడు. అమ్మ మాత్రం బస్సెక్కాక కూడా కిటికీ వైపే కూర్చుని, కొండ కనబడినంతసేపూ వెనక్కి చూస్తూనే ఉంది.