ప్యాకేజీ వాళ్లు చూపించని విమానం

తిరుపతి బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్ వాళ్లకు మనిషికి 11,500 కట్టి గోవా వెళ్లాం. వాళ్లిచ్చిన కాగితంలో నేవల్ ఏవియేషన్ మ్యూజియం పేరు ఉంది. నేను డబ్బు కట్టిందే దాని కోసం. తీరా గోవా వెళ్లాక డ్రైవర్ మమ్మల్ని జీడిపప్పు అంగడి ముందు గంటన్నర కూర్చోబెట్టాడు. మ్యూజియం సంగతి అడిగితే "టైం లేదు సార్, పాత విమానాలు తప్ప అక్కడేముంది" అన్నాడు. తిరుపతి వచ్చాక ఆఫీసుకెళ్లి కాగితం చూపిస్తే "బీచ్‌లన్నీ చూపించాం కదన్నా" అని పంపేశారు. ఒక్క రూపాయి వెనక్కివ్వలేదు. ఇది మోసం కాక ఇంకేంటి?

రైలు, గది, భోజనం బాగానే ఉన్నాయి.

గోవాలో ఉండగానే, ఆ జీడిపప్పు అంగడి మర్నాడు గుంపును వదిలి మేమే టాక్సీ మాట్లాడుకున్నాం, రానూపోనూ 900. మ్యూజియం దబోలిం విమానాశ్రయానికి దగ్గర్లో, బోగ్మాలో అనే ఊరికెళ్లే రోడ్డులో ఉంది. ఎండలో ఇదేం చూడటమని మా ఆవిడ ముఖం ముడుచుకుంది. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా రిటైరైన మా మామ మాత్రం సూపర్ కాన్‌స్టెలేషన్ అనే పాత ప్రయాణికుల విమానం కనబడగానే నడక వేగం పెంచాడు.

34 మీటర్లకు పైగా పొడవు, చేప వీపులా వంపు తిరిగిన ఒళ్లు, వెనక మూడు తోకలు. ఒకటే ఎత్తుగా పెడితే ఆనాటి హ్యాంగర్లలో, అంటే విమానాల షెడ్లలో పట్టదని మూడు పొట్టివి పెట్టారు. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి 18 సిలిండర్లు. బయటికి పోయే పొగతో టర్బైన్లు తిప్పి, ఆ బలాన్ని ఇంజిన్ తిప్పే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్‌కే అందించే ఏర్పాటు ఉందని చెప్పాను. "బస్సులో టర్బో గాలిని లోపలికి తోస్తుంది, అంతే అల్లుడూ. ఇది నేరుగా షాఫ్టుకే ఇస్తాందా!" అని మామ ఇంజిన్ కింద నుంచి కదల్లేదు.

1948 జూన్ 8న ఎయిర్ ఇండియా బొంబాయి నుంచి లండన్‌కు తొలి సర్వీసు నడిపింది ఈ కుటుంబానికే చెందిన పాత మోడల్‌తో. దాని పేరు మలబార్ ప్రిన్సెస్. పొడవు పెంచిన సూపర్ రకం 1950ల్లో వచ్చింది. 1960లో బోయింగ్ 707 జెట్లు రావడంతో వీటి వైభవం తగ్గింది. ఐఎన్-315 నంబరున్న ఈ విమానం ఎయిర్ ఇండియా నుంచి వైమానిక దళానికి, 1976లో నేవీకి వెళ్లి సముద్రం మీద గస్తీ తిరిగింది. ఆ పని 1988లో అందుకున్న రకమే మన విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 విమానం. ఇంత చరిత్ర ఉన్న విమానాన్ని వానకూ ఉప్పుగాలికీ వదిలేయడం చూస్తే కడుపు తరుక్కుపోయింది. పైన కప్పు వేయాల్సిందే.

మేం వెళ్లినప్పుడు లోపలికి ఎక్కనివ్వలేదు. విమానం లోపల కూడా చూడాలనుకునేవాళ్లు విశాఖ వెళ్లి టీయూ-142 ఎక్కండి. గోవా మ్యూజియానికి సోమవారం సెలవు. తిరుపతి నుంచి గోవాలోని వాస్కోకు వారానికోసారి నేరుగా రైలుంది, టికెట్లు మీరే తీసుకోండి. టాక్సీ అతనికి గంట ఆగాలని ముందే చెప్పండి, మామలాంటి వాళ్లు వెంట ఉంటే రెండు గంటలు.