చేర్పించడమా, ఇంటి నుంచే చూపించడమా: తాగుడు మానాలంటే ఏది మేలు?

ఏడాదిగా తెలిసినవారూ తెలియనివారూ నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. మా విశాఖలో గాజువాక నుంచి అడిగినా, ఆరిలోవ నుంచి అడిగినా, భీమిలి నుంచి అడిగినా మాటలు కూడా దాదాపు అవే: “మావాణ్ణి రెండు మూడు నెలలు ఏదైనా డీ-అడిక్షన్ సెంటర్‌లో పెట్టేయడం మంచిదా, ఇంట్లోనే ఉంచుకుని ఆసుపత్రికి తిప్పుకోవడం మంచిదా?” మా తమ్ముడి విషయంలో మేము ఈ రెండు దారులూ నడిచామని తెలిసినవారే ఎక్కువగా అడుగుతారు. నేను వైద్యుణ్ణి కాను. తాగుడుకు లోనైన మనిషికి అన్నను. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిన సమాధానాన్ని ఒకచోట పూర్తిగా రాయడం అవసరమనిపించింది.

ముందుగా, లోపల ఉంచి చూసే కేంద్రాల వల్ల కలిగే మేలును తక్కువ చేయకూడదు. అక్కడ సీసా అందదు, తాగే స్నేహితులు రారు, వేళకు తిండి, వేళకు నిద్ర ఉంటాయి. అంతకన్నా ముఖ్యంగా, ఏళ్ల తరబడి రాత్రిళ్లు భయంతో గడిపిన ఇంటివాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. తమ్ముణ్ణి మొదటిసారి ఊరి శివార్లలోని ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చినప్పుడు మా మరదలు వరుసగా మూడు రోజులు నిద్రపోయింది. అందుకు ఆమె గాజులు కుదువ పెట్టవలసి వచ్చినా, ఆ నిద్రకు ఖరీదు కట్టలేమని ఆ రోజు నాకనిపించింది. అరవై రోజుల తర్వాత తమ్ముడు ఒళ్లు చేసి, కళ్లు తేటపడి తిరిగొచ్చాడు. పదకొండో రోజు సాయంత్రం తాగి వచ్చాడు. కేంద్రానికి ఫోన్ చేస్తే మళ్లీ తీసుకొచ్చి చేర్చమన్నారు తప్ప, ఆ పదకొండు రోజుల్లో అతను ఎలా ఉన్నాడని అక్కడి నుంచి ఒక్కరూ అడగలేదు. అక్కడ జరిగిన వైద్యంలో లోపమేమిటో నేను చెప్పలేను. ఆ వైద్యం గేటు దగ్గరే ఆగిపోయిందని మాత్రం చెప్పగలను.

ఇక తప్పనిసరిగా చేర్పించవలసిన సందర్భాలున్నాయి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు ఒళ్లంతా వణుకుతూ, లేనివి కనబడుతూ, సంధి ప్రేలాపనలోకి జారే ప్రమాదం ఉంది, దానికి సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. “ఇంట్లో గదిలో పెట్టి తాళం వేశాం, నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది” అనేవారికి నేను చేతులు జోడించి చెప్పేది ఇదే. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారిని, కాలేయం దెబ్బతిన్నవారిని, చచ్చిపోతానంటున్నవారిని, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి లేనివారిని ఆసుపత్రి వార్డులోనే చూపించాలి. అయితే ఈ గండం గడవడానికి కావలసింది సాధారణంగా వారం, పది రోజులు. మానినప్పటి వణుకును, ఫిట్స్‌ను అదుపు చేసే క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందును క్రమంగా తగ్గిస్తూ, థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తూ ఆ రోజులు దాటిస్తారు. ఆ పని చేయడానికి వైద్యులూ నర్సులూ ఉన్న వార్డు కావాలి గాని, ఊరికి దూరంగా తాళం వేసిన భవనం కాదు. రెండోసారి తమ్ముణ్ణి తొమ్మిది రోజులు ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో ఉంచి, ఆ తర్వాత ఓపీకి తిప్పాం.

ఇక్కడ ఒక మాట. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నది. ఉత్తరాంధ్ర మొత్తానికీ, సరిహద్దు దాటి ఒడిశా నుంచి వచ్చేవారికీ అదే దిక్కు. ఆ పేరు వినగానే “అక్కడికా?” అని ముఖం తిప్పుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, మా ఇంట్లోనూ ఉండేవారు. ఆ ఆసుపత్రి పేరుకు అంటుకున్న చిన్నచూపు కూడా వైద్యానికి అడ్డంకే.

అసలు ఏది మేలో తేల్చేది ఎన్ని రోజులు లోపల ఉంచారన్నది కాదని నా నమ్మకం. రావలసిన రోజున మనిషి రాకపోతే, ఎందుకు రాలేదని అడిగేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబున్న వైద్యమే మేలైన వైద్యం. తాగుడు మానడం ఒకనాడు జరిగి ముగిసిపోయే పని కాదు. మానినవారిలో చాలామంది తొలి ఏడాదిలోనే, అందులోనూ తొలి నెలల్లో, మళ్లీ తాగుతారు. ఆ తాగడం రెండు రోజులతో ఆగుతుందా, రెండేళ్లకు సాగుతుందా అన్నది ఎవరు ఎంత త్వరగా గమనించారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మా తమ్ముడు నెలకోసారి ఓపీకి వెళ్లి మాత్రలు తెచ్చుకునేవాడు. దాంతో పాటు ప్రతి సోమవారం ఇంటి దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ దగ్గర బీపీ చూపించుకుని, నాలుగు మాటలు మాట్లాడి వచ్చే ఏర్పాటు చేసుకున్నాం. నాలుగో నెలలో ఒక సోమవారం అతను వెళ్లలేదు. సాయంత్రం ఆమే ఫోన్ చేసింది: “ఏం బాబూ, ఈరోజు రాలేదు?” అతను అనకాపల్లిలో ఒక పెళ్లిలో ఉన్నాడు, అంతకు ముందు రాత్రి తాగాడు. ఆమె తిట్టలేదు, మర్నాడు పొద్దున్నే రమ్మంది, వెళ్లాడు. మరదలు నాకు ఫోన్ చేసి, “బావగారూ, ఒక్క రోజుతో ఆగింది” అన్నప్పుడు, అరవై రోజుల కేంద్రం ఇవ్వలేనిది ఒక ఫోన్ ఎలా ఇచ్చిందో నాకు అర్థమైంది.

మందు అనే మాటతో మా ఇంట్లో ఒక చిక్కు కూడా వచ్చింది. “మందు మానేశాడు” అని అమ్మ చెబితే, సీసా మానేశాడో మాత్రలు మానేశాడో తెలియక కంగారుపడిన రోజులున్నాయి. అప్పటి నుంచి ఒకదాన్ని తాగుడు అని, మరొకదాన్ని మాత్ర అని విడదీసి పలకడం అలవాటు చేసుకున్నాం. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మాత్రలు నెలల తరబడి వాడవలసినవి, అవి ఆగిపోయిన సంగతి ముందుగా తెలిసేది పక్కనున్నవారికే. డైసల్ఫిరామ్ సంగతి వేరు. దాన్ని వాడుతూ తాగితే ఒళ్లు తీవ్రంగా ఎదురుతిరుగుతుంది కాబట్టి, తెలిసి, ఒప్పుకుని, వైద్యుడి పర్యవేక్షణలో తీసుకోవలసిన మాత్ర అది. భర్తకు తెలియకుండా కూరలో కలిపి పెట్టమని సలహా ఇచ్చేవారి మాట దయచేసి వినకండి. అది ప్రాణం మీదికి తెచ్చే పని.

ఇంటికి దగ్గరి వైద్యమంటే నాసిరకం వైద్యమని అనుకునేవారికి రెండు సంగతులు చెప్పాలి. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, వైద్య విద్య లేకపోయినా శిక్షణ పొందిన సామాన్యులు హానికరంగా తాగే మగవారితో నాలుగు విడతలకు మించకుండా కూర్చుని మాట్లాడే పద్ధతిని పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారికన్నా ఈ మాటల సాయం అందినవారిలో తాగుడు అదుపులోకి వచ్చినవారు ఎక్కువ, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. అది తాగుడు హద్దు మీరుతున్న దశలో ఉన్నవారి గురించిన ఫలితమే గాని, వ్యసనం పూర్తిగా ముదిరినవారి గురించినది కాదని కూడా గుర్తుంచుకోవాలి. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, కుంగుబాటు, ఆందోళన వంటి బాధలున్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి దాకా చేర్చే ప్రయత్నం జరిగింది. మనిషిని ఎరిగిన మనిషి అడిగితే జవాబు దొరుకుతుందన్నదే ఈ రెండు ప్రయత్నాలకూ పునాది.

చట్టం కూడా ఈ వైపే నిలబడింది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మాదక ద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో భాగంగానే లెక్కించింది. రోగి చికిత్స కోసం చాలా దూరం వెళ్లవలసిన అవసరం ఉండకూడదని, సేవలు అతని నివాసానికి దగ్గరలో ఉండాలని 18వ సెక్షన్ చెబుతోంది. మనిషిని గొలుసులతో కట్టడాన్ని అదే చట్టం నిషేధించింది. తాగుతున్నాడన్న ఒక్క కారణంతో ఇష్టం లేని వ్యక్తిని ఎత్తుకెళ్లి చేర్చడానికి కూడా వీల్లేదు. తనకో ఇతరులకో ప్రమాదం వంటి తీవ్రమైన స్థితి ఉండాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు మానసిక వైద్యులై ఉండాలి. “వ్యాను పంపిస్తాం, మేమే పట్టుకెళ్తాం” అనే కేంద్రంలో చేర్చే ముందు కుటుంబ సభ్యులు ఇది తెలుసుకోవాలి.

మా పేటలో పెద్దలు కొందరు, ప్రతి మండలానికీ ముప్పై పడకల కేంద్రం ఇమ్మని ప్రజాప్రతినిధులకు అర్జీ పెడదామన్నారు. వారి ఆవేదన నిజమైనదే, కాని లెక్క చూడాలి. ఒక్కొక్కరిని అరవై రోజులు ఉంచితే ముప్పై పడకల కేంద్రం ఏడాదికి 180 మందిని చూడగలదు, అందుకు భవనం, వంట, కాపలా, రాత్రింబవళ్లు సిబ్బంది కావాలి. ఒక నర్సమ్మ వారానికి ఒక్క మధ్యాహ్నం పదిమందితో కూర్చుంటే ఏడాదిలో యాభై వారాలకు 500 విడతలవుతాయి, మనిషికి నాలుగు చొప్పున 125 మంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 180 మందిలో ఒక్కరే. మిగిలిన 37 మంది దాకా పడకలతో చేరగలమా? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. దాని ఉద్దేశమే వైద్యాన్ని పెద్ద ఆసుపత్రి గోడ దాటించి ఊళ్లకు తేవడం. అర్జీ పెట్టేటట్టయితే, ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఈ పనికి ఒక నిర్ణీత రోజునూ, శిక్షణ పొందిన ఒక మనిషినీ, ఆగకుండా అందే మాత్రలనూ అడుగుదామని నేనన్నాను.

గంజాయి గురించి అడిగే తల్లిదండ్రులకు కూడా నా జవాబు దాదాపు ఇదే. కాలేజీ కుర్రాడి సంచిలో పొట్లం కనబడగానే చదువు మాన్పించి మూడు నెలలు ఎక్కడో పెట్టేయాలని చూస్తారు. గంజాయి మానినప్పుడు నిద్రలేమి, చిరాకు వంటివి ఉంటాయి గాని, మద్యం మానినప్పటిలా ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. మతి చలించి, లేనిపోని అనుమానాలు, ఎవరూ అనని మాటలు వినబడటం మొదలైతే తప్ప చేర్పించే అవసరం అరుదు. ఓపీ, కౌన్సెలింగ్, ఇంట్లో తిట్టకుండా వినే ఒకరు ఉంటే చాలావరకు సరిపోతుంది. సూదితో ఎక్కించుకునేవాటితో సహా నల్లమందు జాతి మత్తుల విషయం వేరు. కొంతకాలం మానాక శరీరం తట్టుకునే శక్తి తగ్గి, పాత మోతాదే ప్రాణం తీయగలదు. అందుకే అక్కడ బ్యూప్రెనార్ఫిన్ వంటి మందుతో దీర్ఘకాలం సాగే వైద్యం అవసరం.

మిగిలిన దారులు కొన్ని ఉన్నాయి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ నంబరు 14416, వ్యసన విముక్తి సహాయ నంబరు 14446, ఈ రెండూ ఉచితమే, ఎక్కడికి వెళ్లాలో తెలియని రాత్రి పనికొస్తాయి. తాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు నచ్చినవారికి మంచి అండ. పసరు మందులు, తాయెత్తుల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

తమ్ముడు తాగుడు మాని పద్నాలుగు నెలలైంది, మధ్యలో ఆ పెళ్లి రాత్రి ఒక్కటే. కాని పోయిన నెల ఆ నర్సమ్మకు బదిలీ అయింది. ఆమె తమ్ముడి పేరును, మరో ఏడుగురి పేర్లను రాసుకున్నది ఏ రిజిస్టరులోనూ కాదు, సొంత నోటు పుస్తకంలో. వెళ్లేటప్పుడు దాన్ని కొత్తగా వచ్చినామె చేతిలో పెట్టి వెళ్లిందట. ఆ పుస్తకం తెరిచే ఉందో లేదో చూడడానికి ఈ సోమవారం తమ్ముడితో పాటు నేనూ వెళ్తున్నాను.