దేహదానానికి వచ్చిన శరీరాలకు ట్రైడాట్, హెపాకార్డ్: ఎంతవరకు నమ్మొచ్చు?

ఎంబామింగ్ (శరీరం కుళ్లకుండా ఫార్మలిన్ ఎక్కించడం) మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ చూడటానికి అనాటమీ విభాగాలకు సులువుగా దొరికేవి ఈ రాపిడ్ కిట్లే: హెచ్‌ఐవీకి ఒక ట్రైడాట్, హెపటైటిస్ సీకి ఇంకో ట్రైడాట్, హెపటైటిస్ బీకి హెపాకార్డ్. ఎలైసా మెషీన్ అక్కర్లేదు, ఒక్క నమూనా కోసం పెద్ద ల్యాబ్ మీద ఆధారపడక్కర్లేదు.

ట్రైడాట్‌లో వరస తప్పకూడదు: బఫర్ (కిట్‌తో వచ్చే కడుగు ద్రవం) 3 చుక్కలు, సీరం (రక్తకణాలు తీసేశాక మిగిలే తేట ద్రవం) 1, బఫర్ 5, కాంజుగేట్ (చుక్కకు రంగు తెచ్చే ద్రవం) 2, మళ్లీ బఫర్ 5. ముందు వేసింది పూర్తిగా ఇంకాకే తర్వాతిది వెయ్యాలి, చివర్లో వెంటనే చూసెయ్యాలి. కంట్రోల్ చుక్క (కిట్ పనిచేసిందని చూపేది) తేలకపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. కిట్‌ను 2–8 డిగ్రీల్లో దాచి, గది వేడికి వచ్చాకే విప్పాలి. హెపాకార్డ్ ఇంకా తేలిక: 2 చుక్కల సీరం, 20 నిమిషాలు.

అసలు చిక్కు కిట్‌లో లేదు, నమూనాలో ఉంది. ప్రాణం పోయాక ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. అలాంటిది వాడొద్దని కిట్‌తో వచ్చే కాగితమే చెబుతుంది; చాలామంది ఆ కాగితం విప్పరు. ఎర్రటి సీరం వేస్తే కిట్‌లోని పొరంతా రంగెక్కి, లేత చుక్క అందులో కలిసిపోతుంది. చిక్కగా ఉంటే అసలు ఇంకదు. అందుకే శరీరం చేరగానే గజ్జల దగ్గర తొడ సిర నుంచి లావు సూదితో 5 ఎంఎల్ తీసి, ఆలస్యం చెయ్యకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. తేటగా రాకపోతే గుండె నుంచి మరోసారి తియ్యాలి. ఫార్మలిన్ ఎక్కించాక తీసిన రక్తంతో చేసే పరీక్ష కిట్‌కే దండగ.

నెగటివ్ వచ్చినంత మాత్రాన నిశ్చింత లేదు. విండో పీరియడ్ (సోకినా పరీక్షకు ఇంకా అందని తొలి రోజులు) సంగతి అందరికీ తెలిసిందే. చివరి గంటల్లో సెలైన్ బాగా ఎక్కించి ఉంటే యాంటీబాడీలు పలచబడి తప్పుడు నెగటివ్ రావచ్చన్నది మాత్రం మరిచిపోతారు. కేస్ షీట్‌లో అదీ చూడాలి. అమెరికాలో మార్పిడికి తీసే కణజాలం విషయంలో, శవరక్తానికి అనుమతి ఉన్న కిట్ దొరికితే అదే వాడాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు.

ఇక క్షయ ఈ కార్డుల్లో దేనికీ అందదు. ఫార్మలిన్ పట్టిన ఊపిరితిత్తుల్లోనూ ఆ క్రిములు బతికి ఉండొచ్చు. సీజేడీ అనే మెదడు జబ్బు తెచ్చే ప్రయాన్ (వికృతమైన ప్రొటీన్) అయితే ఫార్మలిన్‌కు లొంగనే లొంగదు. దగ్గు ఎన్నాళ్లుంది, మతిమరుపు ఉన్నట్టుండి ముదిరిందా అని ఇంటివాళ్లను అడగడమే దారి.

మూడు కార్డులూ నెగటివ్ చూపినా డిసెక్షన్ హాల్లో గ్లవ్స్ రెండు జతలే.