చెన్నై ఇంట్లో సాఫ్ట్ కోరల్స్: ఏది ఏమిటి, దేనికి మేత కావాలి

సాఫ్ట్ కోరల్స్ (గట్టి రాతి గూడు కట్టని మెత్తటి పగడాలు) కొత్తగా కొన్నవాళ్లందరూ ముందు అడిగేది ఒక్కటే: ఏం మేత వెయ్యాలి? పెరంబూరులో మా హాల్లో ఈ ఉప్పునీటి ట్యాంకు ఏళ్ల తరబడి నడుస్తోంది. పొడి మేతలు, సీసాల్లో వచ్చే ఫైటోప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మ నాచు), ఇంట్లో పొదిగించిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్య లాంటిది) పిల్లలు, అన్నీ వాడి చూశాను. నా మాట ముందే చెప్పేస్తాను. చెన్నై కొళత్తూరులోని అక్వేరియం షాపుల్లో సాఫ్ట్ కోరల్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగానికి మనం విడిగా మేత వెయ్యక్కర్లేదు. వెయ్యాల్సినవి కొన్నే. అవేవో తెలియాలంటే ముందు గుర్తుపట్టడం రావాలి.

షాపులో నీలం లైటు కింద అన్నీ ఒకేలా మెరుస్తాయి. మొహమాటపడకుండా తెల్ల లైటు వెయ్యమనండి. పాలిప్ (పగడం మీద పువ్వులా కనిపించే ఒక్కో చిన్న ప్రాణి) పూర్తిగా విచ్చుకున్నాక దాని టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే మీసాల్లాంటివి) లెక్కపెట్టండి. సరిగ్గా ఎనిమిది ఉండి, ఒక్కోదానికి రెండు పక్కలా ఈకలాగా సన్నటి చీలికలు ఉంటే అది అసలైన సాఫ్ట్ కోరల్. లెదర్, జీనియా, స్టార్ పాలిప్, క్లోవ్ పాలిప్ అన్నీ ఇందులోకే వస్తాయి. జోవాలు (జోవాంతిడ్లు) అనే గుండీల్లాంటి పాలిప్స్‌కు అంచు చుట్టూ నున్నటి టెంటకిల్స్ బోలెడుంటాయి. మష్రూమ్ అయితే పళ్లెంలా పరుచుకుని మధ్యలో నోరు కనిపిస్తుంది. ఈ రెండూ రాతి పగడాలకు దగ్గరి చుట్టాలు. షాపుల్లో అన్నిటినీ ఒకే ట్రేలో పెడతారు గానీ వీటి తిండి వేరు.

లెదర్లలో తికమక ఎక్కువ. నున్నటి కాడ, పైన గొడుగు, గొడుగు మీద మాత్రమే పాలిప్స్ ఉంటే సార్కోఫైటన్. కాడ పెద్దగా లేకుండా రాయికి అతుక్కుని, మడతలుగానో వేళ్లలాగానో లేస్తే లోబోఫైటమ్ కావచ్చు. వేళ్లలాగా పెరిగేది సిన్యులేరియా కూడా ఉంది కాబట్టి భూతద్దం తియ్యాలి. లోబోఫైటమ్‌లో, సార్కోఫైటన్‌లో పెద్ద పాలిప్స్ మధ్య సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నీటిని లోపలికి తోడే చిన్న పాలిప్స్. సిన్యులేరియాలో ఆ చుక్కలుండవు, పాలిప్స్ అన్నీ ఒకే రకం. జాతి పేరు దాకా వెళ్లాలంటే చిన్న ముక్క కోసి, బ్లీచ్‌లో కండ కరిగించి, మిగిలిన సున్నపు కణికల ఆకారాన్ని మైక్రోస్కోప్ కింద చూడాలి. పెంపకానికి అంత దూరం అవసరం లేదని నా అభిప్రాయం.

ఇక మేత. లెదర్ల కండలో ఉండే శైవలాలు (సూక్ష్మమైన నాచు) వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. మిగతా లోటును చేపలకు వేసే తిండి, వాటి వ్యర్థం తీరుస్తాయి. నీళ్లలో నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే నా లెదర్లు చక్కగా ఉన్నాయి. రెండూ సున్నాకి పడిపోతే కుంచించుకుపోయాయి. పొడి చల్లితే మాత్రం ఏ తేడా కనబడలేదు, పైగా స్టార్ పాలిప్స్ అయితే పొడి తగలగానే ముడుచుకునేవి. సార్కోఫైటన్ అప్పుడప్పుడు మైనం లాంటి పొర కప్పుకుని రోజుల తరబడి మూసుకుని ఉంటుంది. ఆకలేమో అని కంగారుపడి మేత వెయ్యకండి. నీటి ప్రవాహం కాస్త పెంచితే పొర ఊడిపోయి మళ్లీ విచ్చుకుంటుంది.

జీనియా అయితే నోటికి అందించినా పట్టదు. అది గుప్పిట తెరిచి మూసినట్టు కొట్టుకోవడం మేత కోసమే అనుకుంటారు. ఎర్ర సముద్రంలో దాని దగ్గరి బంధువు హెటెరోజీనియా మీద 2013లో వచ్చిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. ఆ కదలిక ఆక్సిజన్‌ను కండ నుంచి దూరంగా తోసేసి కిరణజన్య సంయోగక్రియను పెంచుతుందట.

నిజంగా తినేవి రోడాక్టిస్ మష్రూమ్‌లు, జోవాల చుట్టాలైన పాలిథోవాలు. పంపులు పది నిమిషాలు ఆపి మైసిస్ (చిన్న రొయ్య లాంటిది) ముక్క పెడితే మష్రూమ్ అంచులు దగ్గరకు లాక్కుని సంచిలా మూసుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. చిన్న జోవాలు పెద్ద ముక్కలను వదిలేస్తాయి. వీటికి నేను వాడినవాటిలో అన్నిటికన్నా మంచిది ఆర్టీమియా. మన చెన్నై ఎండకు హీటర్ అక్కర్లేకుండానే గుడ్లు దాదాపు ఒక రోజులో పొదుగుతాయి. పిల్లల ఒంట్లో పచ్చసొన కరిగిపోకముందే, పొదిగిన కొద్ది గంటల్లోనే వెయ్యాలి. పొడి కూడా పనిచేస్తుంది, కానీ చిటికెడు దాటితే ఏ రకమైనా ఫాస్ఫేట్ పెంచేస్తుంది. ఫైటోప్లాంక్టన్ వల్ల మా ట్యాంకులో కోపెపాడ్లు (కంటికి ఆనీ ఆనని చిన్న నీటి ప్రాణులు) పెరిగాయి, లెదర్లలో మార్పేమీ లేదు. ఆ ధరకు నేనైతే మళ్లీ కొనను.

కార్నేషన్ అని గులాబీ, నారింజ రంగుల్లో అమ్మే డెండ్రోనెఫ్థియాను దయచేసి కొనకండి. దాని ఒంట్లో శైవలాలు లేవు. సముద్రంలో అది రాత్రీ పగలూ ప్రవాహంలో కొట్టుకొచ్చే ఫైటోప్లాంక్టన్ తిని బతుకుతుంది. ఇంటి ట్యాంకులో అంత మేత వేస్తే నీళ్లు పాడవుతాయి, వెయ్యకపోతే అది వారాల తరబడి కుంగి చచ్చిపోతుంది.

జోవాలు, పాలిథోవాలు ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. 1971లో హవాయిలో వేరుచేసిన పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం వీటిలో కొన్నిటిలో ఉంటుంది. అవి ఉన్న రాయిని వేడినీళ్లలో ఉడికించడం, బయట పెట్టి బ్రష్‌తో తోమడం అసలు చెయ్యకూడదు, ఆ ఆవిరి, తుంపర్లు ఇంట్లోవాళ్లందరికీ ప్రమాదం. లెదర్లు కూడా పొరుగు పగడాలను అణిచే రసాయనాలు వదులుతాయి, అందుకే యాక్టివేటెడ్ కార్బన్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి.

చెన్నైలో చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. మే నెలలో నీళ్లు 30 డిగ్రీలు దాటాయంటే శైవలాలు కండ వదిలిపోవడం మొదలవుతుంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు ఆర్వో, డీఐ ఫిల్టర్లు దాటకుండా ట్యాంకులోకి రాకూడదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు ఒక్కటే మా ట్యాంకును నిలబెట్టింది. లెదర్లు మూసుకుని ఓర్చుకున్నాయి, జీనియా మాత్రం కరిగిపోయింది.

కొనేముందు ఇంకో సంగతి. రీఫ్ కట్టే రాతి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలు, ఎర్ర గొట్టాల ఆర్గాన్ పైప్ పగడం మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఆర్గాన్ పైప్‌కూ ఎనిమిదే టెంటకిల్స్ కాబట్టి స్టార్ పాలిప్ అనుకుని తెచ్చుకునే ప్రమాదం ఉంది. స్టార్ పాలిప్ అడుగున రబ్బరు లాంటి ఊదా చాప ఉంటుంది, ఆర్గాన్ పైప్ అడుగున గట్టి ఎర్ర గొట్టాలుంటాయి. ట్యాంకులో పెంచి కోసిన చిన్న ముక్కలు, అంటే ఫ్రాగ్‌లే తీసుకోండి. ఇచ్చేవాళ్లను ఏ లైటు కింద పెంచారో, నీటి ఉప్పదనం (స్పెసిఫిక్ గ్రావిటీ) ఎంతో అడిగి తెలుసుకోండి. అది 1.025కి దూరంగా ఉంటే అరగంటకు పైగా చుక్కచుక్కగా మీ నీళ్లు కలుపుతూ అలవాటు చెయ్యండి.