చెక్క లేత్ కొనేవాళ్ళు జాగ్రత్త! తిరుపతిలో ఆ పాత మిషన్ల షెడ్డు

రేణిగుంట రోడ్డులో పాత మిషన్లు అమ్మే షెడ్డు ఏదో నేను చెప్పక్కర్లేదు. చెక్కపని సరదా ఉండే వాళ్ళంతా ఒకసారైనా పోయుంటారు. ఇంకోసారి పోవద్దండి.

చెక్క లేత్ (కొయ్యను గిర్రున తిప్పి ఉలితో చెక్కే మిషన్), అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 28 వేలు. షెడ్డాయన 'కంపెనీ మిషన్ అన్నా, పెయింట్ మాత్రం కొత్తగా ఏసినాం' అన్నాడు. స్విచ్ వేస్తే సప్పుడు లేకుండా తిరిగింది. టెయిల్‌స్టాక్ (కొయ్య రెండో కొసను మొనతో ఆనించి పట్టే తోక భాగం) మాత్రం బెడ్డు (కింద ఉండే పట్టా) ఆ చివరకు నెట్టి పెట్టుండాడు. కొయ్య ఎక్కించి చూపించబ్బా అంటే, 'దుమ్ము లేస్తాది అన్నా' అన్నాడు. పాత ఇనుము షెడ్డులో దుమ్ము గురించి దిగులు! (ఇంటికి తెస్తా ఉంటే ఆటో ఆయన 'ఎర్రచందనం తిప్పుతారా సార్' అని అడిగింది వేరే కథ.)

స్టాండుకు బోల్టులు బిగించి, పప్పుగుత్తి చేద్దామని వేపకొయ్య ఎక్కించినా. కాసేపటికే హెడ్‌స్టాక్ (కొయ్యను తిప్పే తల భాగం) ముళ్ళు కొయ్య కొసను కొరికేసి పట్టు వదిలేసినాయి, అది ఎగిరిపోయి గోడకు కొట్టుకునింది. ముఖానికి షీల్డు ఉండబట్టి సరిపోయింది. టెయిల్‌స్టాక్ ముందుకు తోసి రెండు మొనలూ ఆనించి చూస్తే, హెడ్‌స్టాక్‌ది 4 మిల్లీమీటర్లు కిందికుంది. పెయింట్ గీకితే బయటపడింది: తల ఒక మిషన్‌ది, తోక ఇంకోదాంది!

ఫోటో తీసుకుని పోతే తల కూడా ఎత్తలేదు. బేరం నాడు టీ తెప్పించి 'అన్నా, అన్నా' అన్నోడు, 'ఏమబ్బా, నాలుగు మిల్లీమీటర్లకు ఏమవుతాది? చెక్కే కదా, ఇనుమా?' అన్నాడు. పక్కన కొత్త బేరం నిలబడుంటే ఆయనకు నన్ను చూపించి, 'యూట్యూబ్ చూసి కొంటారు, కొయ్య పట్టడం రాదు, మిషన్ మీద పడతారు' అని నవ్వినాడు. సరే, వెనక్కి తీసుకో అన్నా. 'పెయింట్ గీకేసినావు కదబ్బా, ఇంకెట్ల తీసుకునేది?' మోసం బయటపెట్టిన గీతే నా తప్పంట!

బయటికొస్తా ఉంటే షెడ్డు పిల్లోడు వెనకాలే వచ్చి, 'హెడ్‌స్టాక్ కింద రేకులు పెట్టి లేపుకోండి సార్, ముందు కొన్నాయన కూడా అట్లే చేసుకున్నాడు' అన్నాడు. అంటే నా ముందర ఇంకొకాయన!

యాడ కొన్నా సరే, ఆడే రెండు మొనలూ ఆనించి చూడండి. స్పిండిల్ (తలలో తిరిగే ఇరుసు) పట్టుకుని ఆడించండి, బేరింగు వదులైతే చేతికే తెలుస్తుంది. చక్ (కొయ్యను పట్టే బిగింపు) ఎక్కే మరలు కొలుచుకోండి. పక్కా బిల్లు రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేద్దామంటే నా చేతిలో ఉండేది 'మిషన్ 1' అని రాసిన తెల్లకాగితం.