సిల్వర్ స్ప్రింగ్‌లో జిమ్మా కాఫీ వాసన

మా నాన్న ఇథియోపియాలో లెక్కల మాస్టారు. నా బాల్యమంతా అక్కడి జిమ్మా అనే ఊళ్లోనే గడిచింది. మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో మొన్న శుక్రవారం ఒక చిన్న ఇథియోపియన్ హోటల్‌కు వెళ్లాను. తలుపు తీయగానే సాంబ్రాణి పొగ, వేగుతున్న కాఫీ గింజల వాసన. గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులకు శుక్రవారం ఉపవాసం కాబట్టి మాంసం, పాలు తగలని పళ్లెం అడిగాను. బెర్బెరె కారంతో ఉడికించిన ఎర్రపప్పు, మిసిర్ వొత్, ఘాటుగా అమోఘంగా ఉంది. షిరో, అంటే శనగపిండి కూర, కాస్త పలచన. ఇంజెరా అనే పులిసిన అట్టు మాత్రం నిరాశపరిచింది. టెఫ్ అనే చిరుధాన్యం పిండిలో మరేదో కలిపినట్టుంది, పులుపు చాలలేదు. జిమ్మాలో మా పక్కింటి అమ్మ పిండిని మూడు రోజులు పులియబెట్టేది. తిరగేయకుండా ఒకవైపే కాల్చి, మొదటి ముద్ద తన చేత్తో నా నోట్లో పెట్టేది. దాన్ని గుర్షా అంటారు. ఆ పులుపు ఇంకా నాలుక మీదే ఉంది.

కాఫీ కోసం మళ్లీ తప్పక వెళ్తాను. పచ్చి గింజలు మన ముందే వేయించి, పొగను మన వైపు విసిరి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, అబోల్, తోనా, బరకా అంటూ మూడు విడతలు పోస్తారు. గంటకు పైగా పడుతుంది, తీరిక చేసుకుని వెళ్లండి. మూడో కప్పు పోస్తూ, కాఫీ కాచిన ఆమె మా ఊరేదని అమ్హారిక్‌లో అడిగింది. "జిమ్మా" అన్నాను. జెబెనా పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.