బారసాలకు పిలిచిన మాట్లాడే బొమ్మ: ఐదుకు నాలుగు

ముందే చెబుతున్నాను, డబ్బు దండగ కాలేదు. అయితే అది బొమ్మను ఆడించిన కళాకారుడు చెప్పిన జోకుల వల్ల మాత్రం కాదు.

మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. అమ్మాయి తొలి కాన్పు మా ఇంట్లోనే జరిగింది. అల్లుడు ఒడియా అబ్బాయి, వాళ్ళది కటక్. మన బారసాలా వాళ్ళ ఏకోయిశా రెండూ ఇరవై ఒకటో రోజునే కాబట్టి ముహూర్తం దగ్గర పేచీ రాలేదు. పేచీ అంతా భోజనాల తర్వాతే. రెండు వైపుల వాళ్ళూ చెరో గోడకు చేరబడి ఫోన్లు చూసుకుంటారు. పెళ్ళిలో అదే జరిగింది. ఒడియా మా ఇంట్లో అందరికీ వచ్చు, కాబట్టి అడ్డు భాష కాదు, మర్యాద. మా వియ్యపురాలు తల మీద కొంగు జారనివ్వరు, నేను "కూర్చోండి, తినండి" దాటి ఇంకో మాట ఎత్తను. ఏడాదిగా ఇదే తంతు. అందుకని మా తమ్ముడు చెప్పిన మాట్లాడే బొమ్మ కళాకారుణ్ణి గంటసేపటికి నాలుగు వేలకు మాట్లాడాం. ఆటో ఛార్జీలు అదనం. అరగంట ఆలస్యంగా వచ్చారు, ఆ సంగతి వదిలేస్తున్నాను.

బొమ్మ పేరు గున్నయ్య. చారల లుంగీ, నుదుట బొట్టు, కిర్రుమనే దవడ. "ఏ ఊరు గున్నయ్యా?" అని ఆయన అడిగితే, "తల పర్లాకిమిడిలో, కాళ్ళు పాతపట్నంలో" అంది. మరి నడుము? "మహేంద్రతనయ ఏట్లో. వానాకాలం వస్తే ఒకటే జలుబు." ఇది మా ఊరివాళ్ళకు బాగా పేలింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఊరు ఇటు వచ్చింది, చుట్టాల్లో సగం మంది ఏటికి అవతల, ఇప్పటి ఆంధ్రలోని పాతపట్నం వైపే ఉండిపోయారు. అది మా ఇళ్ళలో నవ్వుకునే సంగతే, విసుక్కునే సంగతే. కటక్ వాళ్ళు మాత్రం మర్యాదకు నవ్వారు.

ఇక పనితనం. ఈ విద్యలో గొంతును బొమ్మ దాకా విసురుతారని అంటారు గానీ, నిజానికి ఎక్కడికీ విసరరు. పళ్ళు కొంచెం ఎడంగా ఉంచి, లోపల నాలుకతో పని నడిపిస్తారు. మాట ఏ దిక్కునుంచి వచ్చిందో చెవి అంత కచ్చితంగా పట్టలేదు. కంటికి కదిలే నోరు ఒకటి కనిపిస్తే మాట అక్కడిదేనని మనం నమ్మేస్తాం. ఇబ్బందల్లా ప, బ, మల దగ్గరే. పెదవులు కలపకుండా అవి పలకవు కాబట్టి, వాటి చోట త, ద, నలను మెత్తగా పలికి గడుసుగా దాటిస్తారు. బారసాలలో దొర్లే మాటలేమో పాప, అమ్మ, మామ, అమ్మమ్మ! గున్నయ్య "పాప" అన్నప్పుడల్లా నేను బొమ్మను వదిలేసి ఆయన మూతినే చూశాను. వెనుక కూర్చున్నవారికి దొరకరు. ముందు వరుసలో ఉన్న నాకు రెండు మూడుసార్లు దొరికారు. అదీ కాక మొదట చేతి మైకు నోటికి అడ్డంగా పెట్టుకున్నారు. నోరే కనిపించకపోతే పెదవులు కదలలేదని మెచ్చుకోవడం ఎలా?

అదృష్టం, కరెంటు పోయింది. మైకు మూగబోయింది. ఆయన బొమ్మతో సహా చాప మీదికి దిగి మా మధ్యకు వచ్చారు. అసలు కార్యక్రమం అప్పుడు మొదలైంది.

గున్నయ్య తల మెల్లగా తిప్పి మా వియ్యపురాలిని "కేమితి అఛంతి, మా?" అని పలకరించాడు. భోజనంలో ఏది నచ్చలేదో చెప్పమన్నాడు, ఒడియాలోనే. "అమ్మమ్మగారికి చెప్పను, ఒట్టు." నేను పక్కనే ఉన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా వైపు చూడకుండా, బొమ్మ చెవిలో చెప్పినట్టే చెప్పారు: పులుసులో బెల్లమే లేదట, అంత పులుపు ఎలా తింటారట. బొమ్మ తల కిర్రుమంటూ నా వైపు తిరిగింది. "నేనేమీ వినలేదు" అంది.

నేనూ బొమ్మతోనే అన్నాను: "వాళ్ళింటి ఖట్టా, అదే ఆ తీపి పచ్చడి, పులుసో పాయసమో ముందు తేల్చుకుని రమ్మను." ఆవిడ పకపకా నవ్వారు. కొంగు జారింది, సర్దుకోలేదు. ఆవిడ బొమ్మకు చెప్పడం, నేను బొమ్మకు బదులివ్వడం, టమాటా ఖట్టాలో బెల్లం ఎంత, ఖర్జూరం ఎప్పుడు వేయాలి... కాసేపటికి చూస్తే గున్నయ్య తల వాలిపోయి ఉంది. ఆయన ఎప్పుడో నోరు మూసుకున్నారు. మేమిద్దరం ముఖాముఖి వాదించుకుంటున్నాం. నాలుగు వేలలో మూడు వేలు ఆ మౌనానికే ఇచ్చానని నా లెక్క. నవ్వులు మొదలయ్యాక పక్కకు తప్పుకోవడం చాలామంది హాస్యగాళ్ళకు చేతకాదు.

కరెంటు వచ్చాక సినిమా నటుల గొంతులు, రైలు కూత వగైరా చేశారు. ఫరవాలేదు. వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారు పద్మశ్రీ దాకా తీసుకెళ్ళిన విద్య అది. ఆయన తర్వాత ఆ అంశాలకు తెలుగువాళ్ళ దగ్గర చప్పట్లు అంత తేలిగ్గా రావు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానో చెప్పాలి. పాప రంగు ఎవరి పోలిక అంటూ ఒక జోకు ఎత్తుకున్నారు. బాలింత ముఖం చిన్నబోయింది. "గున్నయ్యా, ఆ మాట వద్దు" అన్నాను. వెంటనే బొమ్మ చేత లెంపలు వేయించి మాట మార్చారు. మార్చినందుకు మెచ్చుకున్నాను, ఎత్తినందుకు మార్కు తగ్గించాను. గున్నయ్య తన జలుబు గురించి, తన లుంగీ గురించి చెప్పుకున్నంతసేపు నొచ్చుకున్నవారు ఒక్కరూ లేరు.

పిలవదలచినవారు కాలరు మైకు ఉంటేనే ఒప్పుకోండి. లేదంటే చిన్న గదిలో మైకు లేకుండానే చేయమనండి, అది ఇంకా మేలు. ఏ విషయం జోలికి పోకూడదో ముందే చెప్పండి. మరీ చిన్నపిల్లలను దూరంగా కూర్చోబెట్టండి, ఆ చెక్క దవడ తెరుచుకోగానే మా తమ్ముడి మనవడు గుక్కపట్టి ఏడ్చాడు. అన్నప్రాసన కటక్‌లో. గున్నయ్యను తీసుకురమ్మని మా వియ్యపురాలే ఫోను చేశారు, ఖర్చు ఈసారి వాళ్ళదట.